ఎనిమిది జీబీ చాలన్న రోజు

ఇళ్లలోనే పాటలు రికార్డు చేసుకోవడం మా వైపు ఏ సంవత్సరం మొదలైందో కచ్చితంగా చెప్పలేను. అంతకు ముందు పాట పట్టుకుని ఖమ్మమో విజయవాడో వెళ్లి, స్టూడియో వాళ్లిచ్చిన గంటలో హడావుడిగా పాడి వచ్చేవారు. తర్వాత తర్వాత ఒక లాప్‌టాప్, ఒక మైకు, ఆ రెంటినీ కలిపే చిన్న ఆడియో డబ్బా ఉంటే ఇంట్లోనే పని అయిపోతుందని అందరికీ తెలిసింది. పాల్వంచలో నా కంప్యూటర్ దుకాణానికి భజన మండలి వాళ్లు వచ్చేవారు, బతుకమ్మ పాటల వాళ్లు వచ్చేవారు, మా క్రైస్తవ సంఘాల వాళ్లు వచ్చేవారు. కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, బూడిద అంటిన చొక్కాతోనే వచ్చి, జేబులోంచి పాట రాసిన కాగితం తీసి చూపించిన వాళ్లూ ఉన్నారు. అందరూ అడిగేది ఒకటే. పాటలు రికార్డు చేయాలంటే ర్యామ్ ఎంత ఉండాలి?

ఆ దుకాణం ఇరవై ఆరేళ్లు నడిపాను. చిన్న స్క్రూలు వేలికి తగులుతున్నాయి గానీ కంటికి ఆనడం లేదని తెలిశాక మూసేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఆ ప్రశ్నకు ఫోన్‌లో చూసి జవాబు చెబుతున్నారు. వాళ్లు చెప్పే అంకెలు సరైనవే. ఆ రోజు నేను చెప్పిన అంకె కూడా, చూడబోతే, సరైనదే. అయినా దాని గురించి వాళ్లకు ఒక సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ర్యామ్ గురించి కొంచెం చెబితే చాలు. మన ఫైళ్లన్నీ డిస్కులో ఉంటాయి. పని జరుగుతున్నంతసేపు కంప్యూటర్ తన చేతికి అందేలా వాటిని పరుచుకునే చోటు ర్యామ్. ఒక గొంతు, ఒక డోలక్ రికార్డు చేయడానికి ఆ చోటు పెద్దగా అక్కర్లేదు. ఎనిమిది జీబీలో సుఖంగా అవుతుంది. కానీ ఇప్పుడు వయొలిన్లు, తబలా, వేణువు కూడా కంప్యూటర్‌లోంచే వస్తాయి. ఎవరో ఎక్కడో ఒక్కో స్వరం వాయించి దాచిపెట్టిన శబ్దాలు అవి. వాటిని తెరిచామంటే వచ్చి ర్యామ్‌లో కూర్చుంటాయి. చోటు చాలకపోతే కంప్యూటర్ కొన్నిటిని డిస్కుకు పంపి, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ఆ పోవడం రావడంలో శబ్దం చిటపటలాడుతుంది. ఒక్కోసారి మొత్తం నిలిచిపోతుంది. అలాంటి పనికి పదహారు ఉండాలి. వాయిద్యాలు ఎక్కువైతే ముప్పై రెండు.

ఇదంతా నాకు అప్పుడూ తెలుసు. తెలిసి కూడా ఎవరొచ్చినా ఎనిమిది చాలనేవాణ్ణి. సండే స్కూలు నాటి నుంచి బైబిలు వాక్యంలో పెరిగాను, సంఘంలో పెద్దగా ఉన్నాను. అరణ్యంలో ప్రజలకు ఆకాశం నుంచి ఆహారం కురిసిన సంగతి నాకు ఇష్టమైన ప్రసంగం. ఎవరికి ఎంత అవసరమో అంతే ఏరుకోవాలి. రేపటికని దాచినవాడి దాంట్లో పురుగులు పడ్డాయి. ఇది సంఘంలో చెప్పి ఊరుకోకుండా దుకాణంలో కూడా చెప్పేవాణ్ణి. అవసరానికి మించి అమ్మడని నాకు ఊళ్లో పేరు వచ్చింది. ఆ పేరు నాకు బాగా నచ్చింది. చిక్కంతా ఆ నచ్చడంలోనే ఉందని తర్వాత తెలిసింది.

నాతో పాటు దుకాణంలో పనిచేసిన మిత్రుడు కీబోర్డు వాయించేవాడు. ఎవరైనా దేవుడి సంగతి ఎత్తితే టీ తాగడానికి బయటికి వెళ్లిపోయేవాడు. కానీ శ్రీరామనవమి పందిట్లోనూ అతనే వాయించేవాడు, మా ఆదివారం ఆరాధనలోనూ అతనే. ర్యామ్ విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ పడేది కాదు.

ఒక వేసవి మొదట్లో ములకలపల్లి దాటాక అడవి అంచునున్న ఒక గూడెం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. అక్కడి చిన్న బడిలో పాఠాలు చెబుతుంది. మా సంఘాల కూడికలలో నన్ను చూసి ఉందట, అందుకని వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ల గూడెంలో ఉన్న చిన్న సంఘానికి ఆమె అత్తగారు నలభై ఏళ్లుగా పాట ఎత్తుతోంది. పాటలన్నీ ఆ పెద్దావిడ కోయ భాషలో తనే కట్టినవి. ఎక్కడా రాసి లేవు. ఆమెకు గొంతులో గడ్డ లేచింది. ఖమ్మంలో పెద్ద దవాఖానాలో ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు.

"పన్నెండు పాటలున్నయి బ్రదర్," అంది టీచరమ్మ. "ఆపరేషన్ అయితే పానం దక్కుతది గని గొంతు ఉండదన్నడు డాక్టరు. ఈలోపట ఆమె గొంతుతోటే పట్టుకోవాలె. లాప్‌టాప్ ఎంతది తీసుకోమంటరు?"

నా మిత్రుడు కీబోర్డు తుడుచుకుంటూనే, పదహారు తీసుకోమన్నాడు. రేపు వయొలిన్లవీ కలుపుకోవాలనిపిస్తుంది కదా అన్నాడు. నేను ఎనిమిది చాలన్నాను. ఎందుకు చాలో చెబుతూ అరణ్యంలో ఆహారం సంగతి కూడా చెప్పాను. అతను టీచరమ్మ వైపు తిరిగాడు.

"అన్న కాడ కంప్యూటర్ కొంటే వాక్యం ఫ్రీ మేడం. ర్యామే తక్కువ."

ఆమె నవ్వింది. కానీ సంఘపెద్ద మాట కాబట్టి నా మాటే విన్నది. ఎనిమిది జీబీ ఉన్న పలచటి లాప్‌టాప్ ఒకటి తీసుకుని వెళ్లింది.

నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. పాటల వెనక వయొలిన్లు, డప్పు ఉంటే బాగుంటుందని వాళ్ల సంఘంలో అందరూ అంటున్నారట. నా మిత్రుడు ఆ శబ్దాలన్నీ ఎక్కించి, పాటకు కావలసినట్టు అమర్చి ఇచ్చాడు. ఇవి మోయాలంటే ఎనిమిది సరిపోదని అప్పుడే చెప్పాడు. నేను ఐదు నిమిషాలు నడిపి చూశాను. కొంచెం చిటపట వచ్చింది. ఒక సెట్టింగు మార్చితే పోయింది. "చూసినవా?" అన్నాను. సోమవారం పెద్దావిడను దవాఖానాలో చేర్చాలి, ఆదివారమంతా ఉపవాస ప్రార్థన. మిగిలింది శనివారం ఒక్కటే. టీచరమ్మకు ఆ సామాను కొత్త కాబట్టి నేనే వచ్చి దగ్గరుండి రికార్డు చేస్తానని మాట ఇచ్చాను. శుక్రవారం దుకాణం మూసేటప్పుడు మిత్రుడు ఇంకో ఎనిమిది జీబీ ర్యామ్ ముక్క తెచ్చి నా సంచిలో వేశాడు.

"ఉండనీ అన్నా. విశ్వాసం ఉన్నోడు గూడ వానకాలం గొడుగు పట్టుకపోతడు."

శనివారం పొద్దున్నే బండి మీద వెళ్లాను. గూడెంలో ప్రతి ఇంటి ముందూ ఇప్పపూలు ఎండబోసి ఉన్నాయి, ఆ తీపి వాసన ఇంట్లోకి కూడా వస్తోంది. టీచరమ్మ ముందే గది సిద్ధం చేసింది. గోడలకు బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపి, కోళ్లను దూరంగా తోలించింది. పెద్దావిడ కుర్చీ వద్దని చాప మీద కూర్చుంది. మెడ పక్కన వాపు కనిపిస్తోంది గానీ మనిషి గట్టిగానే ఉంది. మైకును ఆమె నోటి ఎత్తుకు దించాను. లాప్‌టాప్ తెరిచి, మిత్రుడు అమర్చి ఇచ్చినది తెరిచాను. ర్యామ్ ఎంత నిండిందో చూపించే గీత దాదాపు చివరి దాకా వెళ్లి ఎర్రబడింది. టీచరమ్మ నా భుజం మీదుగా చూసింది.

"బ్రదర్, వయొలిన్లవన్నీ తీసేసి ముందుగాల అత్త గొంతే పడదామా? మ్యూజిక్ తర్వాత పెట్టుకోవచ్చు గద."

అదే సరైన పద్ధతి. పాఠాలు చెప్పుకునే ఆమెకు తట్టింది, ఇరవై ఏళ్ల పనివాణ్ణైన నాకు తట్టకపోలేదు. కానీ వాటిని తీసేస్తే ఎనిమిది చాలలేదని ఒప్పుకున్నట్టు. సోమవారం దుకాణంలో ఆ మాట చెప్పాల్సి వస్తుంది. "అవసరం లేదమ్మా, ఎనిమిది చాలు," అన్నాను.

ఎవరితో రికార్డు చేసినా మొదట ఏదో ఒకటి పాడించి, గొంతు ఎంత పెద్దగా వస్తుందో చూసుకుంటాం. అది పరీక్ష మాత్రమే, దాన్ని ఎవరూ ఉంచుకోరు. అలాగే ఒకటి పాడమన్నాను. అలవాటు కొద్దీ రికార్డు గుండీ కూడా నొక్కాను. టీచరమ్మ కోయలో చెప్పింది. పెద్దావిడ కొంగు తల మీదికి కప్పుకుని, కళ్లు మూసుకుని ఎత్తుకుంది.

రెండు నిమిషాలు గడిచాయో లేదో తెర నిలిచిపోయింది. బాణం గుర్తు కదలదు. ఎర్ర గీత కదలదు. ఆడియో డబ్బా మైకులో పడ్డ గొంతును కంప్యూటర్‌తో పని లేకుండానే చెవులకు పంపిస్తుంది, కాబట్టి నా హెడ్‌ఫోన్‌లో ఆమె గొంతు వస్తూనే ఉంది. చేతులు పైకెత్తి ఉంది. అది పాట రూపంలో ఉన్న ప్రార్థన అని భాష తెలియని నాకు కూడా అర్థమైంది. అప్పుడే చెయ్యి ఎత్తి ఆపమని చెప్పి ఉండాల్సింది. స్టూడియోలో ఎవరైనా అదే చేస్తారు. కానీ ప్రార్థిస్తున్న మనిషిని మధ్యలో ఆపడం మా సంఘాలలో లేదు. పైకప్పు కూలినా ఆమేన్ దాకా ఆగాలి. ప్రార్థన మధ్యలో లేచి వెళ్లిన పెద్దమనుషులను నేనే అందరి ముందు మందలించాను. అందుకని కూర్చున్నాను. గీత మళ్లీ కదులుతుందేమోనని తెర వైపే చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలు పాడి ఉంటుంది. టీచరమ్మ గోడకు ఆనుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. తెర సంగతి ఆమెకు తెలియదు.

ఆమేన్ అయ్యాక లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాను. ఫైలు ఉంది. పేరు మాత్రమే ఉంది, లోపల ఏమీ లేదు.

అప్పుడు సంచిలో ఉన్న ర్యామ్ ముక్క గుర్తొచ్చింది. లాప్‌టాప్ బోర్లించి, చాప మీదే స్క్రూలు తీసి, వెనక మూత విప్పాను. ముక్క పెట్టడానికి చోటే లేదు. ఈ పలచటి రకాలలో కొన్నిటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచడానికి ఉండదు. ఆ యంత్రాన్ని అమ్మింది నేను. అమ్మేటప్పుడు ఆ సంగతి చూడలేదు, ఎందుకంటే ఎవరికీ పెంచే అవసరం రాదని ముందే తీర్మానించుకున్నాను. చిన్నవాళ్లు ఇదొక్కటి రాసిపెట్టుకోండి. ఎంత ఉందో చూడటంతో పాటు, రేపు పెంచుకునే వీలుందో లేదో చూడాలి.

ఏమైందని టీచరమ్మ అడిగింది.

"కరెంటు హెచ్చుతగ్గులమ్మా. డబ్బా ఆగిపోయింది."

ఆలోచించి అన్నది కాదు. నోటికి అంత తేలిగ్గా వచ్చింది. ఆ ఆడియో డబ్బా కూడా లాప్‌టాప్ బ్యాటరీ మీదే నడుస్తోంది, కరెంటుకూ దానికీ సంబంధం లేదు. ఆమెకు అది తెలియదు. గూడేలలో కరెంటు ఇంతేనని, నేనేమీ అనుకోవద్దని తనే నన్ను ఓదార్చింది.

ఆ పాట ఇంకోసారి పాడించమన్నాను. పెద్దావిడ తల అడ్డంగా ఊపి, నాకు అర్థం కావాలని తెలుగులోనే చెప్పింది.

"అది అయిపాయె అయ్య. మొదటిది ఆయనది."

ఆ మాట వెనక ఉన్నది టీచరమ్మ చెప్పింది. వాళ్ల గూడేలలో కొత్తల పండుగ చేస్తారు. కొత్త పంట ఇంటికి వస్తే, ముందు దేవతలకు సమర్పించకుండా ఎవరూ నోట పెట్టుకోరు. విశ్వాసంలోకి వచ్చాక పెద్దావిడ పండుగ మానేసింది గానీ ఆ పద్ధతిని మాత్రం మానలేదు. దాన్ని పాట మీద పెట్టుకుంది. పాడటానికి కూర్చున్నప్పుడల్లా మొదటి పాట అప్పటికప్పుడు కడుతుంది, ఒక్కసారే పాడుతుంది. అది దేవుడి కోసం, మనుషుల కోసం కాదు కాబట్టి మళ్లీ పాడదు. లేఖనంలో ప్రథమ ఫలాల గురించి నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. దాన్ని అంత గట్టిగా పట్టుకున్న మనిషిని అప్పుడే చూశాను.

"మొదటిది గట్లనే పాడుతదని నాకు తెలుసు బ్రదర్," అంది టీచరమ్మ. "అందుకే మీరు గుండీ నొక్కిన్రా లేదా అని చూసిన. ఇయ్యాల గూడెంల ఉన్నోళ్ల పేర్లన్నీ తీసింది. సచ్చిపోయిన మామ పేరు గూడ."

వయొలిన్లు, డప్పు అన్నీ తీసేశాను. ర్యామ్ గీత సగానికి దిగిపోయింది. మధ్యాహ్నం అయ్యేసరికి పన్నెండు పాటలూ రికార్డు అయ్యాయి. యంత్రం ఒక్కసారి కూడా తడబడలేదు. ఎనిమిది నిజంగానే చాలింది.

సోమవారం దుకాణంలో మిత్రుడికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, కరెంటు మీదికి నెట్టిన సంగతితో సహా. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు. ఒక పాత మదర్‌బోర్డు మీద దుమ్ము ఊదుతూ అడిగాడు.

"ఆకాశం నుంచి తిండి పడ్డ కథల, ఆరో దినం రెండింతలు ఏరుకోమన్లేదా అన్నా? తెల్లారి పడదని?"

ఉందన్నాను. నీకెలా తెలుసన్నాను.

"నువ్వు చెప్తాంటె కీబోర్డు ఎనక కూసొని పదేండ్లు ఇన్న. ఆ ముక్క వచ్చినప్పుడు నువ్వు జల్దీ జల్దీ చదువుకుంట పోతవ్."

ఆ ఫైలును బతికించడానికి వారం రోజులు నాకు తెలిసినవన్నీ చేశాను. పోయిన ఫైళ్లు తిరిగి తీసే ప్రోగ్రాములు మూడు నడిపాను. ఏమీ దొరకలేదు. అసలు అందులో ఏమీ పడలేదని చివరికి ఒప్పుకున్నాను.

ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, డాక్టరు చెప్పినట్టే గొంతు పోయింది. నేను వెంటనే చూడటానికి వెళ్లలేదు. వెళ్తే నిజం చెప్పాలి. మా సంఘంలో నెలకొక ఆదివారం ప్రభువు మరణాన్ని తలచుకుని రొట్టె విరిచి పంచుకుంటాం. తీసుకునే ముందు ఎవరిని వారు పరీక్షించుకోవాలి, తప్పు దాచుకుని తినకూడదు. పెద్దను కాబట్టి పళ్లెం పట్టుకుని వరసల వెంట తిరిగేది నేనే. రెండు నెలలు అందరికీ ఇచ్చి నేను తీసుకోలేదు. ఎవరూ గమనించలేదు. పళ్లెం పట్టుకున్నవాడు తిన్నాడో లేదో ఎవరు చూస్తారు?

మూడో నెల రొట్టె విరిచే ఆదివారానికి ముందు రోజు గూడేనికి వెళ్లాను. పెద్దావిడ వాకిట్లో నీడన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మెడకు మెత్తటి గుడ్డ చుట్టి ఉంది. పెదవులు కదిలిస్తుంది, గాలి వస్తుంది గానీ మాట రాదు. కోడలు ఆ పెదవులు చూసి చెబుతుంది. నేను ఎదురుగా కూర్చుని, కరెంటు తప్పు కాదని చెప్పాను. చోటు చాలడం లేదని నాకు ముందే తెలుసునని, నా మాట నెగ్గాలని అలాగే ఉంచానని, తర్వాత అబద్ధం కూడా ఆడానని చెప్పాను. టీచరమ్మ అత్తకు కోయలో ఒక్కొక్కటే చెప్పింది. చెప్పడం అయ్యాక తను కాసేపు నేల వైపు చూసింది.

"నేను తీసెయ్యమన్న గద బ్రదర్."

అన్నావమ్మా అన్నాను.

పెద్దావిడ కోడలి మోచేయి తట్టి ఏదో చెప్పింది. టీచరమ్మ రెండుసార్లు అడిగి తెలుసుకుని నా వైపు తిరిగింది.

"ఆ పాట ఎట్ల వచ్చిందని అడుగుతుంది. పాడేటప్పుడు ఆమెకు తెల్వదంట, తర్వాత గుర్తుండదంట. నేనేమో ఏడ్సుకుంట సగమే ఇన్న. మీరు చెవులకు పెట్టుకొని మొత్తం ఇన్నరు గద. మాట తెల్వకున్నా రాగం తెలుస్తది, ఎట్ల పోయిందో ఒక్కసారి అని చూపియ్యమంటుంది."

నేను పాటలో పుట్టి పెరిగినవాణ్ణి. ఏ కీర్తనైనా ఒక్కసారి వింటే మళ్లీ పాడగలను, సంఘంలో అందరికీ తెలుసు. ఆ పది నిమిషాలూ ఆమె గొంతు నా రెండు చెవులలో ఉంది, ప్రపంచంలో ఇంకెవరికీ లేనంత దగ్గరగా. ఒక్క చరణం గుర్తు పెట్టుకుని ఉంటే చాలు, టీచరమ్మకు వచ్చిన సగానికి అది కలిసేది. ఎక్కడో ఒక ముక్క ఉంటుందేమోనని వెతుక్కున్నాను. ఎర్ర గీత తప్ప ఏమీ కనిపించలేదు. చాలా బాగా వచ్చిందమ్మా అనే మాట నోటిదాకా వచ్చింది.

"నేను ఇనలేదమ్మా," అన్నాను. "తెర చూసుకుంట కూసున్న."

టీచరమ్మ దాన్ని కోయలోకి మార్చడానికి కొంత సమయం పట్టింది. పెద్దావిడ నా ముఖంలోకి చూసింది. కోపం కనిపించలేదు. ఏదో ఒకటి అర్థమైనట్టు తల ఊపి, చింతపండు చేట నా వైపు జరిపింది. ముగ్గురం పొద్దు వాలేదాకా గింజలు తీశాం.